కంప్యూటర్‌లో సెర్చ్ ఇండెక్స్ మందగించడం: కారణాలు, మరమ్మతు, ఆన్‌లైన్ చిట్కాల ముప్పు

కంప్యూటర్‌లోని ఫైళ్ల పేర్లు, తేదీలు, లోపలి మాటలు ముందే చదివి, ఏ మాట ఏ ఫైల్లో ఉందో నమోదు చేసి పెట్టుకునే డేటాబేస్‌ను సెర్చ్ ఇండెక్స్ అంటారు. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది ఇది. సూచిక చిరిగిపోయినా పుస్తకంలో ఒక్క పేజీ పోదు. పుస్తకాన్ని మళ్లీ చదివి సూచిక మళ్లీ రాసుకోవచ్చు. ఇండెక్స్ మందగిస్తే గాని, పాడైతే గాని వాడేవారికి జరిగే నష్టం కొంత సమయం, అంతే. దాన్ని బాగుచేస్తామంటూ ఇంటర్నెట్‌లో ఎదురుపడే మార్గాలు అడిగేవి మాత్రం అడ్మినిస్ట్రేటర్ హక్కులు, విండోస్ అమరికలు నిల్వ ఉండే రిజిస్ట్రీలో మార్పులు, యంత్రం మీద దూరం నుంచి పూర్తి నియంత్రణ, ఒక్కోసారి బ్యాంకు కార్డు వివరాలు. ఈ రెంటికీ మధ్య ఉన్న అంతరాన్ని కొలిచి చూసుకుంటే ఏ చిట్కాను పాటించాలో, దేన్ని వదిలేయాలో చాలావరకు తేలిపోతుంది. కంప్యూటర్ లోతుపాతులు తెలియనివారికి కూడా అందుబాటులో ఉన్న కొలమానం ఇదే.

ఈ విషయాన్ని అనకాపల్లి నుంచి చూడటానికి రెండు కారణాలున్నాయి. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి కొత్త జిల్లాకు కేంద్రమైన ఈ ఊరు బెల్లం మార్కెట్‌కు దేశమంతటా పేరుపొందింది. ఇక్కడి వర్తకుల లెక్కల గదుల్లో, మీసేవ కేంద్రాల్లో, 2019 అక్టోబరులో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో, డీటీపీ దుకాణాల్లో రోజువారీ పని ఏళ్ల తరబడి పేరుకున్న ఫైళ్ల మీదే నడుస్తుంది. ఫలానా రైతు లెక్క, ఫలానా దరఖాస్తు, కిందటేడు అచ్చువేసిన శుభలేఖ క్షణంలో దొరకాలి. రెండో కారణం అంత సంతోషకరమైనది కాదు. ఇదే జిల్లాలోని అచ్యుతాపురంలో నకిలీ కాల్ సెంటర్లు నడుస్తున్నట్టు 2025 మేలో పోలీసులు బయటపెట్టారు. సహాయం చేస్తామనే గొంతుతో ఫోను చేసి దోచుకునే వ్యాపారం ఎక్కడో దూరదేశపు వార్త కాదని, సొంత జిల్లాలోనే సాగగలదని అది రుజువు చేసింది.

ఇండెక్స్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే అది ఎందుకు నెమ్మదిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ విండోస్ 2000లోనే ఇండెక్సింగ్ సర్వీస్ ఉంది గాని దాన్ని వాడినవారు తక్కువ. 2004లో గూగుల్ డెస్క్‌టాప్, 2005లో ఆపిల్ స్పాట్‌లైట్ వచ్చాక సొంత కంప్యూటర్‌లో తక్షణం వెతకగలగడం మామూలు సౌకర్యంగా మారింది. విండోస్ విస్టా నుంచి ఈ పని ఆపరేటింగ్ సిస్టమ్‌లో అంతర్భాగమైంది. గూగుల్ తన డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌ను 2011లో నిలిపివేసింది. నేటి విండోస్‌లో ఈ పని ముగ్గురు పంచుకుంటారు. సెర్చ్ ఇండెక్సర్ అనే ప్రధాన ప్రోగ్రామ్ డేటాబేస్‌ను నిర్వహిస్తుంది. సెర్చ్ ప్రోటోకాల్ హోస్ట్ ఫైళ్లు, ఈమెయిళ్లు ఉన్న చోటికి వెళ్లి వాటిని తెస్తుంది. సెర్చ్ ఫిల్టర్ హోస్ట్ వాటిని విప్పి లోపలి అక్షరాలను బయటికి తీస్తుంది. ఈ మూడో పనిని విడిగా పెట్టడంలో ముందుచూపు ఉంది: పాడైన పీడీఎఫ్ ఒకటి ఎదురై ఫిల్టర్ కూలిపోయినా మిగతా వ్యవస్థ నిలబడుతుంది. విండోస్ 10 వరకు ఈ డేటాబేస్ విండోస్ డాట్ ఈడీబీ అనే ఒక పెద్ద ఫైలు. విండోస్ 11లో ఎస్‌క్యూలైట్ పద్ధతికి మారింది.

మందగమనంలో ఎక్కువ భాగం లోపమే కాదు, ఉద్దేశపూర్వకంగా పెట్టిన మర్యాద. మనిషి కీబోర్డు మీద పనిచేస్తున్నంతసేపూ ఇండెక్సర్ వెనక్కి తగ్గుతుంది. సెట్టింగ్స్‌లో చూస్తే వాడకం వల్ల వేగం తగ్గించినట్టు అక్కడే రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు కూడా అది పని తగ్గించుకుంటుంది. 2020లో వచ్చిన విండోస్ 10 మే నవీకరణలో డిస్కు మీద ఒత్తిడి ఎక్కువగా ఉన్న సమయాన్ని కనిపెట్టి ఇండెక్సర్‌ను ఆపే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ మరింత మెరుగుపరిచింది. పగలంతా పని, రాత్రి కాగానే కరెంటు ఆపేసే దుకాణంలో ఇండెక్సర్‌కు ఖాళీ సమయం దొరికేదెప్పుడు? అలాంటి చోట అది వారాల తరబడి పూర్తికాదు. పూర్తికాకపోవడాన్ని పాడైపోవడంగా అర్థం చేసుకోవడమే తప్పుడు చికిత్సలకు మొదటి మెట్టు.

మిగిలిన కారణాలు నిజమైన భారాలు. సాధారణంగా వాడేవారి ఇండెక్స్‌లో 30 వేల లోపు అంశాలుంటాయని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. 4 లక్షలు దాటితే వేగం దెబ్బతినవచ్చు. 10 లక్షలకు మించితే ఇండెక్సర్ విఫలం కావచ్చు. ఒక కార్యాలయం రెండుగా విడిపోయి పాత ఫైళ్లన్నీ గంపగుత్తగా కొత్త యంత్రంలోకి దిగితే ఇండెక్సర్‌కు అవన్నీ కొత్తవే, మొదటినుంచి చదవాలి. మంచి యంత్రంలో కూడా మొదటి పఠనానికి గంటలు పట్టడం సహజం. ఇక చిన్న ఊళ్లలో ఇప్పటికీ నడుస్తున్న పాత యంత్రాల్లో తిరిగే పళ్లేల హార్డ్ డిస్క్ ఉంటుంది. అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వందకు అటూఇటూ మాత్రమే అందుకోగలదు. ఎస్‌ఎస్‌డీ అదే సమయంలో వేలల్లో అందుకుంటుంది. ఇండెక్సర్ చేసే పని సరిగ్గా ఇలాంటి చిన్న చిన్న పఠనాలే కాబట్టి, ఏ సాఫ్ట్‌వేర్ చిట్కా కూడా ఈ తేడాను పూడ్చలేదు. ఇండెక్సర్ తెరిచిన ప్రతి ఫైలునూ యాంటీవైరస్ మళ్లీ తనిఖీ చేయడం, పెద్ద ఔట్‌లుక్ మెయిల్‌పెట్టె, నిరంతరం మారుతుండే క్లౌడ్ ఫోల్డర్లు, ఇవి తోడైతే యంత్రం మరీ బరువెక్కుతుంది.

తెలుగు వాడేవారికి ప్రత్యేకమైన కారణం ఇంకొకటుంది. దీని గురించి ఇంగ్లీషు సహాయ వ్యాసాల్లో వెతికినా దొరకదు. మన డీటీపీ దుకాణాల్లో రెండు మూడు దశాబ్దాలుగా పేరుకున్న పని ఎక్కువగా అను స్క్రిప్ట్ వంటి పాత ఫాంట్లలో ఉంది. ఆ ఫైళ్లలో తెరమీద తెలుగు కనిపించినా లోపల నిల్వ ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంకేతాలే. యూనికోడ్‌లో తెలుగు టైపు చేసి వెతికితే అవి ఎన్నటికీ దొరకవు, ఇండెక్స్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే. పేజ్‌మేకర్ ఫైళ్లను విప్పే ఫిల్టరే మామూలు విండోస్‌లో లేదు. స్కాన్ చేసిన పట్టాలు, దస్తావేజులు బొమ్మలు మాత్రమే. వాటిలో చదవదగిన అక్షరం ఒక్కటీ ఉండదు. యూనికోడ్‌లో సక్రమంగా ఉన్న ఫైళ్లలో కూడా మన విభక్తులు చిక్కు తెస్తాయి. పదం మొదలును బట్టి పోల్చే అన్వేషణలో ‘బెల్లం’ అని వెతికితే ‘బెల్లంలో’ దొరుకుతుంది, ‘బెల్లానికి’ దొరకదు. ‘బెల్ల’ వరకే టైపు చేస్తే రెండూ వస్తాయి. ఈ సందర్భాలన్నిటిలో ‘సెర్చ్ పనిచేయడం లేదు’ అనే ఫిర్యాదు నిజమే, కానీ ఇండెక్స్ నిర్దోషి. అలాంటి యంత్రం మీద ఎన్ని మరమ్మతులు ప్రయోగించినా ఫలితం ఉండదు. ఒక చిట్కా ఫలించనప్పుడు ఇంకా బలమైనదాని కోసం, ఇంకా ప్రమాదకరమైనదాని కోసం వెతకడం మనిషి సహజగుణం. అందుకే ముందుగా తేల్చుకోవలసినది దొరకని ఫైలు అసలు వెతకదగిన రూపంలో ఉందా అన్నది. పాత ఫాంట్లను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి. అయితే దస్తావేజులను, ఆధార్ వివరాలున్న కాగితాలను ఊరూపేరూ లేని వెబ్‌సైట్‌కు అప్పగించి మార్పించుకోవడం మరో రకం నష్టం. సొంత యంత్రంలోనే నడిచే కన్వర్టర్ మేలు.

ఫైళ్లు సరైన రూపంలోనే ఉన్నాయని తేలాక మరమ్మతును తక్కువ నష్టం నుంచి ఎక్కువ నష్టం వైపు క్రమంగా చేసుకుపోవాలి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగంలో విండోస్ సెర్చ్ అమరికలు ఉంటాయి. ఎన్ని అంశాలు చేరాయో, ఎన్ని మిగిలాయో అక్కడే కనిపిస్తుంది. మిగిలినవాటి సంఖ్య నెమ్మదిగానైనా తగ్గుతుంటే చేయవలసింది ఒక్కటే: యంత్రాన్ని కరెంటుకు కలిపి, నిద్రలోకి జారకుండా చేసి ఒక రాత్రి వదిలేయడం. తగ్గకపోతే పని లేని ఫోల్డర్లను జాబితా నుంచి తీసేయాలి. కంప్యూటర్ మొత్తాన్ని చదివే ఎన్‌హాన్స్‌డ్ పద్ధతి నుంచి డాక్యుమెంట్లు, చిత్రాలు, సంగీతం, డెస్క్‌టాప్‌లకు పరిమితమైన క్లాసిక్ పద్ధతికి మారడం కూడా ఇదే కోవలోది. ఫైలు పేరుతో వెతికితే చాలనుకున్న చోట లోపలి విషయం చదవడాన్ని ఆపవచ్చు. అప్పటికీ కదలకపోతే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రీబిల్డ్ మీట ఉంది. అది పాత ఇండెక్స్‌ను తుడిచి కొత్తది మొదలుపెడుతుంది. ఫైళ్ల జోలికి పోదు. చాలామంది ఈ మీటకు భయపడి, భయపడవలసిన వాటిని నొక్కుతారు. మ్యాక్‌లో ఒక డిస్కును స్పాట్‌లైట్ ప్రైవసీ జాబితాలో చేర్చి మళ్లీ తీసేస్తే ఇదే పని జరుగుతుంది. ఇక్కడితో చాలా సమస్యలు తీరిపోతాయి, పైసా ఖర్చు లేకుండా, బయటి ప్రోగ్రామ్ ఏదీ దించుకోకుండా.

కొత్తగా కట్టిన ఇండెక్స్ కూడా పదేపదే పాడవుతుంటే మాత్రం ఉపేక్షించకూడదు. రోజంతా డిస్కును చదివే ప్రోగ్రామ్‌లలో ఇండెక్సర్ ఒకటి కనుక, చెడిపోతున్న డిస్కు తొలి లక్షణాలు దాని దగ్గరే బయటపడవచ్చు. అప్పుడు ముందు చేయవలసింది ఫైళ్లను వేరే డిస్కుకు నకలు తీసుకోవడం. ఆ తర్వాతే డిస్కు ఆరోగ్యాన్ని చూపే స్మార్ట్ సమాచారం, చెక్‌డిస్క్ వంటి తనిఖీలు. కొన ఊపిరితో ఉన్న డిస్కు మీద నకలు తీయకుండా గంటల తరబడి మరమ్మతు నడపడం ఉన్నదాన్ని పోగొట్టుకోవడమే.

ఇక ఆన్‌లైన్ చిట్కాల సంగతి. ఇండెక్సర్ పేరుతో, లేదా డిస్కు వాడకం 100 శాతం చూపిస్తోందంటూ వెతికేవారికి నిజాయితీగా రాసిన సలహాలు ఎన్నో దొరుకుతాయి. వాటి పక్కనే ఒకే క్లిక్కుతో అన్నీ బాగుచేస్తామనే ప్రోగ్రామ్‌లూ ఉంటాయి. ఈ వర్గం గురించి అనుమానం మాత్రమే కాదు, సాక్ష్యం కూడా ఉంది. పీసీ మరమ్మతు సాఫ్ట్‌వేర్ అమ్మిన రెస్టోరో, రీఇమేజ్ అనే సైప్రస్ సంస్థలు లేని ముప్పులను చూపించి వినియోగదారులను మోసగించాయన్న ఆరోపణపై 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2.6 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. విండోస్ హెచ్చరికల్లా కనిపించే పాప్అప్‌లు చూపించి ముందు చిన్న మొత్తానికి సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత ఫోనులో పెద్ద మొత్తానికి ‘నిపుణుల సేవ’ అమ్మడం వారి పద్ధతి అని కమిషన్ పేర్కొంది. 2019లో ఆఫీస్ డిపో, సపోర్ట్ డాట్ కామ్ కూడా ఉచిత తనిఖీ పేరుతో వైరస్ లక్షణాలున్నట్టు తప్పుగా చూపించిన వ్యవహారంలో 3.5 కోట్ల డాలర్లు చెల్లించాయి. రిజిస్ట్రీ శుభ్రం చేసే ప్రోగ్రామ్‌లను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా రాసింది. రిజిస్ట్రీలో ఒక తప్పుడు మార్పు వల్ల విండోస్‌ను మళ్లీ ఎక్కించవలసి రావచ్చు.

2024 నుంచి విస్తరించిన క్లిక్‌ఫిక్స్ పద్ధతి ఇంతకన్నా ప్రమాదకరం. ఏదో లోపం వచ్చినట్టో, మీరు మనిషేనని నిరూపించమన్నట్టో వెబ్‌పేజీ ఒక తెర చూపిస్తుంది. బాగుచేసుకోవాలంటే విండోస్, ఆర్ మీటలు నొక్కి, కంట్రోల్ వీ, ఎంటర్ కొట్టమంటుంది. అప్పటికే ఆ పేజీ చాటుగా కాపీ చేసి పెట్టిన ఆదేశం ఆ ఎంటర్‌తో నడుస్తుంది. వైరస్‌ను తన చేత్తోనే, తన హక్కులతోనే వాడేవాడు ఆహ్వానించినట్టవుతుంది. ఇలా చొరబడేవాటిలో పాస్‌వర్డ్‌లు దొంగిలించే లుమ్మా ముఖ్యమైనది. 2025 మార్చి 16 నుంచి మే 16 మధ్య రెండు నెలల్లో అది 3.94 లక్షలకు పైగా విండోస్ యంత్రాలకు సోకినట్టు మైక్రోసాఫ్ట్ గుర్తించింది. విపత్తు వేళ ఈ ప్రమాదం రెట్టింపవుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ నవీకరణ లోపంతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయి, మన దేశపు విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిన ఆ రోజుల్లోనే, ఆ లోపానికి మరమ్మతు అంటూ వైరస్ ఉన్న నకిలీ ఫైళ్లు వ్యాపించాయి. ఆదుర్దాలో ఉన్నవారు మూలాన్ని పరిశీలించరని మోసగాళ్లకు బాగా తెలుసు.

అచ్యుతాపురం ఉదంతం ఈ గొలుసులో చివరి కొసను, అంటే ఫోను అవతలి గదిని చూపిస్తుంది. అక్కడ పోలీసులు 33 మందిని అరెస్టు చేశారు. అమెజాన్ సిబ్బందిమంటూ అమెరికా వాసులకు ఫోన్లు చేసి, వారి ఖాతాల్లో ఏదో తేడా జరిగిందని భయపెట్టి, గిఫ్ట్ కార్డులు కొనిపించి డబ్బు గుంజారన్నది అభియోగం. అక్కడ వాడిన సాకు ఇండెక్స్ కాదు, ఆన్‌లైన్ కొనుగోలు ఖాతా. కానీ నిర్మాణం అదే: లేని సమస్యను చూపడం, తొందరపెట్టడం, తిరిగి రాబట్టలేని రూపంలో డబ్బు తీసుకోవడం. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదులు కూడా ఆధారంగా సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో దేశవ్యాప్తంగా సోదాలు చేసినప్పుడు టెక్ సపోర్ట్ ముసుగులో సాగే ఇలాంటి కేంద్రాలే బయటపడ్డాయి. ఆ ఏడాది అమెరికాలో టెక్ సపోర్ట్ మోసాల నష్టం 92 కోట్ల డాలర్లు దాటిందని ఎఫ్‌బీఐ నమోదు చేసింది. అమెరికాలో ఒంటరిగా ఉంటున్న తెలుగు తల్లిదండ్రులు కూడా ఇలాంటి ఫోన్ల పరిధిలోనే ఉన్నారు. మైక్రోసాఫ్ట్ నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. ఈ ఒక్క సంగతి ఇంట్లో పెద్దవారికి చెప్పి ఉంచడం వల్ల ఆగిపోయే నష్టం చాలా పెద్దది.

ఈ జాగ్రత్తలకు ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది సమయానిది. పంట వచ్చే కాలంలో మార్కెట్ జోరుగా ఉండగా ఒక రాత్రి ఆగమనడం వర్తకుడికి సమాధానం కాదంటారు. ఆ ఇబ్బంది నిజమైనదే. కానీ వెంటనే ఫైలు దొరకడానికీ ఇండెక్స్ బాగుపడటానికీ సంబంధం లేదు. ఎవ్రీథింగ్ వంటి ఉచిత ప్రోగ్రామ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులోని ఫైళ్ల పట్టికను నేరుగా చదివి పేర్లను సెకన్లలో చూపిస్తుంది. మామూలుగా లోపలి విషయం వెతకదు, ఆ పూటకు పేరు చాలు. ఏడాది, నెల, రైతు పేరు వరుసలో ఫైళ్లకు పేర్లు పెట్టుకున్న కార్యాలయానికి ఇండెక్స్ అవసరమే సగం తగ్గుతుంది. ఇండెక్సింగ్‌ను పూర్తిగా ఆపేస్తే సరిపోదా అని మరికొందరు. పాత యంత్రంలో, పేర్లతోనే పనిజరిగే చోట, అది సమంజసమైన నిర్ణయమే. ఔట్‌లుక్ అన్వేషణ కూడా దాని మీదే ఆధారపడి ఉండవచ్చని తెలిసి తీసుకోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. అపరిచితులు ఉచితంగా ఇచ్చిన సలహాలతోనే ఎందరో కంప్యూటర్ నేర్చుకున్నారు. ఆన్‌లైన్ చిట్కాలన్నిటినీ అనుమానించమంటే, తెలుగులో వివరమైన మార్గదర్శకాలు అరుదైన స్థితిలో చిన్న ఊరి మనిషి ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే కొలమానం చెప్పినవారి పేరు కాదు, చెప్పిన పని అడిగే హక్కు. సెట్టింగ్స్‌లో ఒక మీట మార్చమన్న సలహా ఎవరు చెప్పినా పరీక్షించి చూడవచ్చు, నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు. అర్థంకాని ఆదేశాన్ని అతికించమన్నా, యాంటీవైరస్ ఆపమన్నా, ఎనీడెస్క్ లాంటి ప్రోగ్రామ్ ఎక్కించి కోడ్ చెప్పమన్నా, ఇండెక్స్ కోసం అంత హక్కు అడగడమే నిరాకరించడానికి చాలిన కారణం. దూరం నుంచి నియంత్రించే ఆ ప్రోగ్రామ్ దొంగసరుకు కాదు, కార్యాలయాల్లో రోజూ వాడేదే. అయినా ఆ దారిలో బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతున్నాయని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. ఊళ్లో ముఖం తెలిసిన మెకానిక్ దగ్గరికి యంత్రాన్ని తీసుకెళ్లడం నేటికీ మంచి మార్గం, ముందు ఫైళ్లకు నకలు ఉంచుకుని.

ఇప్పటికే అలాంటి ఆదేశం నడిపినవారు, తెరను అప్పగించినవారు ముందుగా ఆ యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి వేరుచేయాలి. పాస్‌వర్డ్‌లు మార్చవలసింది వేరే ఫోను లేదా కంప్యూటర్ నుంచి. సోకిన యంత్రంలో మార్చిన కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగ చేతికే వెళుతుంది. తర్వాత విండోస్‌ను శుభ్రంగా మళ్లీ ఎక్కించడం క్షేమం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. బ్యాంకులను, పోలీసులను కలిపే ఈ ఏర్పాటు 2021లో మొదలైంది. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే నిలిపివేయడం దీని ఉద్దేశం కాబట్టి మొదటి గంటలు విలువైనవి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఫోను నంబర్లు, సందేశాలు, చెల్లింపు వివరాల చిత్రాలు తీసి ఉంచాలి. కంప్యూటర్ సాయంతో మరొకరిలా నటించి మోసగించడం సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం.